తరుగు

మిర్చి యార్డులో కాటా పక్కన కూర్చుని
ఇరవై రెండేళ్లుగా ఒకటే మాట రాస్తున్నాను.
తేమకి ఇంత, గోతానికి ఇంత,
ఎందుకో తెలియని దానికి ఇంకొంత: తరుగు.
రైతు కాగితం వైపు చూడడు.
నా మొహం వైపు చూస్తాడు.

నల్లపాడులో ఇంటి వెనక మూడు సెంట్ల రేగడి.
కార్తీకంలో ఒకే ఒక్క గుమ్మడి గింజ పెట్టాను.
పుష్యానికి దొడ్డంతా తీగే.
బట్టలారేసే దండెం, పక్కింటి ప్రహరీ,
మూలనపడ్డ లూనా హ్యాండిలు,
దొరికినదల్లా వాటేసుకుంది.
నాకు ముచ్చటేసింది, చెప్పొద్దూ.

యార్డులో తొడిమలు తీసే ఎస్తేరు చూడ్డానికొచ్చింది.
ఆమెది కొల్లిపర వైపు లంక.
వాళ్ల నాన్న పడవకొక్క కాయ చొప్పున
కృష్ణ దాటించేవాడట. పడవెంతదో అడగలేదు.
నడుం మీద చేతులేసుకుని నవ్వింది:
"ఇది గుమ్మడి పాదా, పెళ్లివారి విడిదా గుమాస్తా గారూ?
తినేవాళ్లే గానీ తెచ్చేవాళ్లేరీ?"

అని వంగింది.
"తల్లితీగ తల జోలికి ఇప్పుడే పోమాక.
పిల్లతీగల్ని అటూ ఇటూ చేపముల్లు మాదిరి పరుచుకోనీ.
రెండు బారలయ్యాక కొస తుంచి మట్టిలో దించు.
వాటికి పుట్టే మనవతీగల్ని
పుట్టిన పూటే గిల్లెయ్.
కణుపు కణుపుకీ మన్ను కప్పు, అక్కడ కొత్త వేరు పడుద్ది.
ఈ నులితీగలు తెంపు,
పట్టుకోడానికేమీ లేకపోతే
సొంత ఆకు మెడే నులుముకుంటయ్."

మిరప ఘాటు ఇంకిన గోళ్లు
టప్, టప్.
తెగిన ప్రతిచోటా ఒక నీటిబొట్టు.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను, నలభై ఒకటి దాకా.
ఆ తర్వాత ప్రహరీ మీది కాకిని చూశాను.

కోసిన కొసలన్నీ మా కోటేశ్వరి ఒళ్లో పోసుకుని వెళ్లి
పప్పులో వేసింది.
"తరుగైనా తినొచ్చు" అంది.
నా కంచం వైపే చూస్తూ అంది.

ఇంకా చీకటుండగానే టార్చి వెలుతుర్లో
మగపువ్వు రేకలొలిచి ఆడపువ్వుకి అద్దాను.
యాభై రెండేళ్ల వాణ్ణి, ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు.
మూడు పిందెలు నిలిచాయి.
ఒక్కటే ఉంచాలి.
రెండ్రోజులు ఆగాను, ఏది బాగోలేదో చూద్దామని.
బాగోనిది ఒక్కటీ లేదు.
అదీ కష్టం.

మిగిలిన కాయ రాత్రికి రాత్రి జానెడు చుట్టు పెరిగేది.
కింద ఇసక పోశాను, పైన గోనెపట్టా కప్పాను.
కాయ భుజం తల్లితీగని ఒరుసుకుంటుంటే
తీగ తెగకుండా
రోజుకి రెండు వేళ్లు పక్కకి జరిపాను,
నిద్రపోయే పసివాడి చెయ్యి జరిపినట్టు.

శివరాత్రి ముందు ట్రాలీ ఆటోలో యార్డుకి తెచ్చాం.
నలుగురు హమాలీలు ఎత్తి కాటా మీద పెట్టారు.
అరవై ఎనిమిది కిలోల నాలుగొందలు.
టిక్కీన్నర!
నాగూరు నా కుర్చీలో కూర్చుని, నా పెన్నే తీసుకుని
నా గొంతుతోనే అడిగాడు:
"తరుగెంత రాయమంటారు?"

యార్డంతా నవ్వింది.
దొంగ అని ఎవరూ అనలేదు.
గుమ్మడికాయ మాత్రం ఎదురుగా ఉంది,
నా చెయ్యి భుజం మీదికి పోయింది.

ఎస్తేరు నవ్వలేదు.
కాయ తొడిమని వేలితో ఒకసారి తడిమి
"గింజలు నాలుగు నాకుంచండి" అని
తన గుట్ట దగ్గరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ప్రత్తిపాడు నుంచి ఒక రైతు,
పదకొండు టిక్కీలు.
కాటా నిలిచింది.
అతను నా మొహం వైపు చూశాడు.
పెన్ను మూత
ఎందుకో చాలాసేపటి దాకా రాలేదు.